మందు కోతులు, బెల్లంనీళ్ళ కోతులు

కోతికి తెలివి పెంచే మందును దేశంలో మొట్టమొదట పరీక్షించే భాగ్యం చోడవరం తాలూకాకు దక్కిందని మంత్రిగారు ట్రావెలర్స్ బంగళా మెట్ల మీద నిలబడి ప్రకటించినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు బంగార్రాజు. అతను కొట్టాకే తామూ కొట్టాలని మిగతావాళ్ళకు తెలిసింది. లాంతరు పార్టీ తాలూకా కార్యదర్శి పదవి ఊరికే వస్తుందా మరి!

"ముందు కోతికి! తర్వాత ఓటరుకు!" అన్నారు మంత్రిగారు. "మన ఓటరు మంచివాడు. కాని ఆలోచన చాలదు. ఆలోచనే ఉంటే మన లాంతరును కాదని ఇంకోళ్ళకు ఎందుకు ఓటు వేస్తాడు? ఈ మందు పనిచేస్తుందని కోతుల్లో రుజువు కానివ్వండి, ఎన్నికల లోపల ఈ తాలూకాలో ప్రతి ఓటరుకూ ఒక్కో సీసా ఉచితం!"

మంత్రిగారు ఈమధ్యనే విదేశాలు తిరిగి వచ్చారు. అక్కడ పెద్ద పెద్ద డాక్టర్లు కోతులకు మందు పట్టడం, వాటి జ్ఞాపకశక్తి పెరగడం కళ్ళారా చూశారు. చూసి ఊరుకునే మనిషి కారు గనక పెట్టెల కొద్దీ సీసాలు వెంట తెచ్చారు. న్యాయానికి ఈ ప్రయోగం రాజధానిలో జరగాలి. కాని కర్నూల్లో ఆఫీసులన్నీ డేరాల్లో ఉన్నాయి. ఇంకో డేరా వేసి అందులో కోతుల్ని కూర్చోబెడితే జనం తేడా తెలియక వాటికి అర్జీలు ఇచ్చేసే ప్రమాదం ఉంది. అందుకని చోడవరం. మందేదో ముందు శాసనసభ్యుల మీదే పరీక్షించరాదా అని ఒక పత్రికలవాడు అడిగాడు. తమకు అవసరం లేదని వారే ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారని మంత్రిగారు జవాబిచ్చారు. పత్రికలవాడు అది రాసుకున్నాడు. వాడి ఉద్యోగం అదే.

సభ ముగిశాక మంత్రిగారు బంగార్రాజు భుజం మీద చెయ్యి వేసి ఒక పక్కకు తీసుకెళ్ళారు.

"చూడు బంగార్రాజూ, ఈ ప్రయోగం నీ చేతుల్లో పెడుతున్నాను. కోతులకు తెలివొచ్చిందంటే ఈసారి అసెంబ్లీ టిక్కెట్టు నీదే."

బంగార్రాజు ఆ భుజాన్ని ఒకసారి తడుముకున్నాడు. పదేళ్ళుగా మంత్రిగారి పరుపుచుట్ట మోసిన భుజం అది. మంత్రిగారు జిల్లాబోర్డులో ఉన్నప్పుడూ మోశాడు, మంత్రయ్యాకా మోశాడు. టిక్కెట్టు మాట మాత్రం ఆ భుజం మీదికి రావడం ఇదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికి పోయి భార్య మంగాయమ్మకు చెప్పాడు.

"నిజిమేనా? ఈపాలైనా ఇస్తారా, మళ్ళీ పైసారంటారా?" అంది మంగాయమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

"సెయ్యేసి సెప్పేరే! భుజం మీద సెయ్యేసి!"

"నీ భుజం మీదేసేరు గాని ఆరి నెత్తి మీద ఏసుకోనేదు కదా," అంది మంగాయమ్మ.

ఆడవాళ్ళకు రాజకీయాలు తెలియవని బంగార్రాజు జాలిపడ్డాడు.

ఊరి బయట ఒక బెల్లం వండే పాక ఉంది. చెరకు ఆడే రోజులు ఇంకా రాలేదు గనక ఖాళీగానే ఉంది. దానికి ఊచలు బిగించి, అడ్డంగా ఒక తడిక కట్టి, 'ప్రభుత్వ మేధాభివృద్ధి కేంద్రం' అని బోర్డు పెట్టారు. పట్నం నుంచి గణపతిరావు అనే కుర్ర డాక్టరు దిగాడు. అనకాపల్లిలో కోతుల్ని ఆడించుకునే ఖలందర్‌ను పిలిపించి, దేవరాపల్లి కొండల్లోంచి కోతుల్ని పట్టించారు. వాటిని చూసుకునే పని కూడా అతనికే ఇచ్చారు. తుడవడానికి అచ్చియ్యమ్మను పెట్టారు. కోతుల్ని రెండు గుంపులు చేశారు. తడికకు ఇవతల ఎర్ర రిబ్బను కట్టినవి మందు కోతులు. వాటికి బెల్లంనీళ్ళలో మందు కలిపి పడతారు. అవతల నీలం రిబ్బను కట్టినవి ఉత్త కోతులు. వాటికి ఉత్త బెల్లంనీళ్ళే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గాని మందు చేసిన మేలు తెలియదని డాక్టరు చెప్పాడు.

"మూతలున్న పెట్టెలు మూడు కావాలి," అన్నాడు డాక్టరు. "పట్నంలో చేయిస్తున్నారు. వచ్చే నెలకు రావచ్చు."

"నెలా? మా తాలూకాఫీసు కొట్లో పెట్టెలకి కరువేటండి?" అన్నాడు బంగార్రాజు.

మధ్యాహ్నానికల్లా జట్కా మీద మూడు పెట్టెలు దిగాయి. కిందటి ఎన్నికల్లో వాడిన ఓట్ల పెట్టెలు. ఆ ఎన్నికల్లో పార్టీకో పెట్టె కదా, మీద ఎవరి గుర్తు వాళ్ళకు అంటించి. ఆ కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకదాని మీద లాంతరు, ఒకదాని మీద నిచ్చెన, ఒకదాని మీద తిరగలి.

"బావున్నాయి," అన్నాడు డాక్టరు. "ఈ మూడింట్లో ఒక దాంట్లో వేరుశెనగలు పెడతాం. రోజూ పెట్టె మారుస్తాం. ఎక్కడ పెట్టామో చూసి, గుర్తుంచుకుని తీయడమే కోతికి పరీక్ష."

బంగార్రాజు ముఖం మాడిపోయింది.

"మార్సడమంటే? నిచ్చెన పెట్టెలో కూడా పెడతారా?"

"పెట్టాలి కదండీ."

"డాక్టరు బాబూ, మీరు సదువుకున్నోరు. నిచ్చెనోళ్ళ పెట్టెలో మనమే గింజలేసేమని బయటికి పొక్కితే నాను ఈ ఊళ్ళో తలెత్తుకోగలనా? మన లాంతరు పెట్టె ఒక్క పూట కాళీగా ఉన్నాదంటే ఏటవుతాదో తెలుసా మీకు?"

"ఇది సైన్సండీ!"

"సైన్సు మీదే బాబూ. నాను కాదననేదు. పెట్టెలు మాయి."

"పోనీ ఆ గుర్తులు గోకేద్దాం."

"ప్రెబుత్వ సొత్తు! గోకితే కేసు!"

ఈ విధంగా సైన్సుకూ పార్టీకీ రాజీ కుదిరింది. గింజలు ఎప్పుడూ లాంతరు పెట్టెలోనే వేస్తారు. కోతులు వాటి ఇష్టం వచ్చిన పెట్టె తెరవవచ్చు. ప్రజాస్వామ్యం అంటే అదే కదా అన్నాడు బంగార్రాజు.

మందు మొదలుపెట్టక ముందే కోతులన్నీ లాంతరు పెట్టె దగ్గర మూగడం నేర్చాయి. గింజలు ఉన్నది అక్కడ. ఇంకెక్కడికి పోతాయి? బంగార్రాజు ఆ దృశ్యం చూసి కళ్ళు తుడుచుకుని, పోస్టాఫీసుకు పరిగెత్తి తంతి ఇచ్చాడు: 'కోతులన్నీ మన పార్టీకే.' మర్నాడు పత్రికల్లో 'చోడవరం వానరాల్లో రాజకీయ చైతన్యం' అని పడింది. మందు సీసా మూత కూడా ఇంకా తియ్యలేదని డాక్టరు మొత్తుకున్నాడు.

"సూసేరా మరి! వాసన తగలకుండానే ఇంత పనిసేసింది," అన్నాడు బంగార్రాజు.

వేరుశెనగలు సరఫరా చేసే బాధ్యత మంత్రిగారి బావమరిది పెదబాబుకు అప్పగించారు. రోలుగుంట నుంచి వచ్చాడు పెదబాబు. నిండుమనిషి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు నవ్వుతాడు, తర్వాత కునుకు తీస్తాడు. బస్తాల పక్కనే మంచం వేసుకున్నాడు. ప్రయోగం చూడటానికి వచ్చే పెద్దలకు తక్కువ లేదు. తాలూకా పెద్దలు, జిల్లా పెద్దలు, వాళ్ళ బావమరుదులు వచ్చారు. వచ్చినవాళ్ళు సైన్సు చూస్తూ ఒక గుప్పెడు నోట్లో వేసుకుంటారు, పోతూ పోతూ ఒక గుప్పెడు జేబులో వేసుకుంటారు. మంచం మీద పెదబాబు రోజంతా ఒలుచుకుని తింటూనే ఉంటాడు. కొన్నాళ్ళకు బస్తాల్లో తొక్కలు మిగిలాయి.

"బాబూ, ఇయ్యి తొక్కలు," అన్నాడు ఖలందర్, దోసిలి పట్టి.

"తొక్క లోపలే కదరా గింజుండేది?" అన్నాడు పెదబాబు.

"లోపల లేదు బాబూ."

"పెట్టెలో ఏసి ఊపు. గలగలమంటన్నాదా?"

"అంటన్నాది."

"మరి ఇంకేటి కావాల? ఎయ్యి."

వేశాడు ఖలందర్. పైవాళ్ళు చెప్పింది చెయ్యకపోతే అతని నలుగురు పిల్లలకు కూడు పెట్టేవాడెవడు?

ఈలోగా ఎర్ర రిబ్బను కోతులకు మందు పట్టడం మొదలైంది. సరిగ్గా అప్పుడే అది తన గుణం చూపించింది.

నీలం రిబ్బను కోతులు యథాప్రకారం లాంతరు పెట్టె మూత ఎత్తాయి, తొక్కలు తీశాయి, నమిలాయి, మింగాయి. మర్నాడూ అంతే. ఎక్కిళ్ళు వచ్చాయి గాని పెట్టె మార్చలేదు. ఎర్ర రిబ్బను కోతుల సంగతి వేరు. వాటిలో ముక్కు మీద మచ్చ ఉన్న ఆడకోతి ఒకటుంది. అచ్చియ్యమ్మ దాన్ని సుక్క అని పిలిచేది. సుక్క మొదటిరోజు తొక్క విప్పి చూసింది. రెండోది విప్పింది. తర్వాత గుప్పెడు తొక్కలు తీసి ఖలందర్ ముఖం మీద కొట్టింది. మర్నాడు పెట్టె జోలికే పోలేదు. మందు గుంపునంతా వెంటేసుకుని, లాంతరుకు వీపు పెట్టి కూర్చుంది. ఆ మర్నాడు బంగార్రాజు పరీక్ష చూద్దామని ఊచల దగ్గరికి రాగానే, చెయ్యి బయటికి చాచి అతని ఖద్దరు జేబులోంచి వేరుశెనగలు తీసుకుని, అందరికీ పంచింది.

"ఓలమ్మో, సుక్కకి తెలిసిపోనాది!" అని చీపురు కింద పడేసి నవ్వింది అచ్చియ్యమ్మ. "గింజలు యే పెట్టెలోనూ నేవు, ఈ బాబుల జేబుల్లో ఉన్నాయని తెలిసిపోనాది!"

డాక్టరు గణపతిరావు ఆనందంతో గెంతాడు. "పనిచేసిందండీ బంగార్రాజుగారూ! మందు నిజంగా పనిచేసింది! అలవాటును మానుకుంటున్నాయి! మోసాన్ని గుర్తుపడుతున్నాయి! వెతుక్కుంటున్నాయి! విదేశాల్లో కూడా ఇంత ఫలితం రాలేదు!"

బంగార్రాజు జేబు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

తెలివొస్తే టిక్కెట్టు అన్నారు మంత్రిగారు. తెలివొచ్చింది. వచ్చిన తెలివి లాంతరుకు వీపు పెట్టి కూర్చుంది. శనివారం మంత్రిగారు వస్తున్నారు. హైస్కూలు మైదానంలో వేలాది జనం ముందు కోతుల ప్రదర్శన. ఆ వెంటనే ఓటర్లకు సీసాల పంపకం. ఆ సీసాలు తాగి తాలూకా తాలూకా సుక్కలా తయారైతే? టిక్కెట్టు మాట దేవుడెరుగు, జేబులు కుట్టించుకుని తిరగాలి.

పరుపుచుట్ట మోసే రోజుల్లో బంగార్రాజు ఆలోచించే అవసరం ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు పడింది. టిక్కెట్టు కళ్ళ ముందు ఆడుతుంటే ఎవరికైనా బుర్ర పనిచేస్తుంది. శుక్రవారం పొద్దున పాకకు వచ్చి ఖలందర్‌తో అన్నాడు:

"ఒరే, ఎర్ర రిబ్బన్లు ఇప్పి అటేపు కోతులకి కట్టు. నీలం ఇటేపు కట్టు."

"అలా చెయ్యడానికి వీల్లేదు!" డాక్టరు అడ్డం వచ్చాడు. "ఇది అబద్ధం! నేను ఒప్పుకోను!"

"బాబూ," అన్నాడు బంగార్రాజు ఎంతో ప్రేమగా, "పాడేరు ఎప్పుడైనా సూసేరా? మంచి సల్లటి సోటు. జొరాలు తప్ప ఇంకేటీ ఉండవు. అక్కడ డాక్టరు కావాలని మంత్రిగారు ఎప్పణ్ణించో అనుకుంటన్నారు."

పాడేరు నుంచి చలిజ్వరంతో మంచం మీద దిగి వచ్చిన డాక్టర్లను గణపతిరావు ఎరుగును. సైన్సు అక్కడితో మాట్లాడటం మానేసింది. ఖలందర్ రిబ్బన్లు మార్చాడు.

శనివారం మైదానం నిండిపోయింది. గోవాడ, రోలుగుంట, దేవరాపల్లి నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. వేదిక మీద మూడు పెట్టెలూ బల్ల మీద వరసగా పెట్టారు. మంత్రిగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మహాజనులారా! ఎర్ర రిబ్బను కోతులు మన మందు తాగి మేధావులైనవి. చూడండి!"

ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న బెల్లంనీళ్ళ కోతులు ఒక్క గంతులో లాంతరు పెట్టె దగ్గరికి పోయాయి. మూత ఎత్తాయి. తొక్కలు తీసి బుద్ధిగా నమిలాయి. ఒకదానికి ఎక్కిళ్ళు వచ్చాయి. ఖలందర్ కర్ర ఎత్తగానే అన్నీ చేతులెత్తి సలాం చేశాయి. జనం చప్పట్లు కొట్టారు.

"ఎంత ఆలోచన! ఎంత విచక్షణ!" మంత్రిగారు చెయ్యి చాచి చూపించారు. "ఇప్పుడు మందు ఎరగని మూఢ కోతుల్ని చూడండి!"

నీలం రిబ్బన్లతో సుక్క గుంపు వేదిక ఎక్కింది. సుక్క లాంతరు పెట్టె మూత ఎత్తి లోపలికి చూసింది. జనం వైపు చూసింది. పెట్టెను రెండు చేతులా పట్టుకుని బోర్లించింది. వేదిక నిండా తొక్కలు రాలాయి. అది చాలదన్నట్టు అడుగున తట్టి, ఇంకేమీ లేదని జనానికి చూపించింది. తర్వాత తీరిగ్గా కుర్చీల వరస వెంట నడిచి, పెదబాబు జేబులోంచి మొదలుపెట్టి, తాలూకా పెద్దలందరి జేబుల్లోంచీ వేరుశెనగలు తీసి, ముందు వరసలో కూర్చున్న పిల్లల మీదికి విసిరింది.

మైదానం మైదానం గొల్లుమని నవ్వింది.

"చూశారా అజ్ఞానం!" మంత్రిగారు గట్టిగా అరిచారు. "మందు తాగకపోతే ఇదీ గతి! మీరు ఇలా అవ్వాలా, అలా అవ్వాలా?"

జనంలోంచి అచ్చియ్యమ్మ నవ్వాపుకుంటూ లేచింది. "బాబూ, ఒక్క మనివి! మాకు ఆ మందొద్దు బాబూ. మందు తాగిన కోతులకి తొక్కకీ గింజకీ తేడా తెలీకండా పోనాది పాపం. తాగని కోతే నయిం. ఆ కోతికి ఏటి పెడతన్నారో మాకూ అదే పెట్టించండి!"

"అదే! అదే!" అని జనమంతా అరిచారు. "మందొద్దు! మందొద్దు!"

సభ ముగిసిందని ఎవరూ చెప్పకుండానే ముగిసింది.

బంగళాలో మంత్రిగారు ఫ్యాను కింద కూర్చున్నారు. పక్కన పెదబాబు. ఎదురుగా బంగార్రాజు, అతని వెనకాల డాక్టరు. బంగార్రాజు లోలోపల లెక్క వేసుకున్నాడు. చెప్పాలా వద్దా? చెప్తేనే కదా తాను ఎంత గండం తప్పించాడో తెలిసేది! చెప్పేశాడు. మందు నిజంగానే పనిచేసిందనీ, తెలివొచ్చిన కోతులు లాంతరును కాదన్నాయనీ, తానే రిబ్బన్లు మార్పించాననీ మొత్తం చెప్పాడు.

"జనం మందొద్దంటన్నారు బాబూ. గండం గడిసినట్టే. ఆళ్ళే వద్దన్నారు గనక మన మాటా పోనేదు."

మంత్రిగారు ముందుకు వంగారు. "ఈ ఉపాయం ఎవరిది?"

"నాదే బాబూ."

"ఎవరూ చెప్పకుండా, నీ అంతట నీకే తోచిందా?"

"ఎవులూ సెప్పనేదు బాబూ," అన్నాడు బంగార్రాజు, టిక్కెట్టు అందుకోవడానికి చేతులు కట్టుకుని.

మంత్రిగారు కుర్చీని మెల్లగా వెనక్కి జరిపారు.

"మందు సీసాల గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గిరే బాబూ."

"ఈమధ్య నన్ను కూడా అడిగేడు బావా," అన్నాడు పెదబాబు, కునుకు లోంచి లేచి. "గింజలన్నీ యేవైపోయేయి అని."

మంత్రిగారు కుర్చీని ఇంకొంచెం వెనక్కి జరిపారు.

"బాబూ! నా పిల్లల మీద ఒట్టు! ఒక్క సుక్క ముట్టుకోనేదు! నాకు తెలివి నేదు బాబూ! కావాలంటే ఎవుల్నైనా అడగండి, మా ఆడదాన్ని అడగండి!"

"లేదని నిరూపించుకోవడానికి ఇంత వాదిస్తున్నావు చూడు, అదే నాకు భయంగా ఉంది," అన్నారు మంత్రిగారు.

తర్వాత ఉత్తర్వులు చకచకా వెలువడ్డాయి. ప్రజాభిప్రాయాన్ని శిరసావహించి, ఓటర్లకు బెల్లంనీళ్ళ సీసాలే పంచాలి. సుక్క గుంపును ఒరిస్సా సరిహద్దు దాటించి వదలాలి. ఆపైన ఆ ప్రభుత్వం చూసుకుంటుంది. మిగిలిన మందు శారదా నదిలో పారబొయ్యమన్నారు. జవాన్లు సీసాలు ఎత్తేసరికి దిగువన అనకాపల్లి ఓటర్లు ఆ నీళ్ళే తాగుతారని గుర్తొచ్చి, కేకేసి ఆపించి, గొయ్యి తీసి పాతిపెట్టించారు. ఆ గొయ్యికి పోలీసును కాపలా పెట్టారు. పోలీసు వాసన చూడకూడదని ఇంకో పోలీసును పెట్టారు.

బంగార్రాజు మీద మంత్రిగారికి కోపం లేదు. వైద్యం చేయించమన్నారు. "పాకలో డాక్టరు పరిశీలన కింద ఉండు. పూటపూటా బెల్లంనీళ్ళు తాగు. నయమైతే టిక్కెట్టు సంగతి ఆలోచిద్దాం."

ఆలోచిద్దాం అన్నారు కదా! లేదు అనలేదు కదా! బంగార్రాజు తనంతట తానే పోయి ఊచల వెనక కూర్చున్నాడు. తడిక అవతల బెల్లంనీళ్ళ కోతులు తోడు. ఖలందర్ వాటికి పోసినట్టే ఇతనికీ లోటాలో బెల్లంనీళ్ళు పోసేవాడు. ఓటర్లకు పంచే బెల్లంనీళ్ళు చాలక ఒక్కోసారి ఆలస్యం అయ్యేది. మంగాయమ్మ కేరేజీలో అన్నం తెచ్చి ఊచల సందుల్లోంచి అందించేది. ఊరంతా చూసిపోతోందని ఏడ్చేది.

"ఊరుకోయే. ఇదంతా టిక్కెట్టు కోసిమే," అనేవాడు బంగార్రాజు.

ఒక ఉదయం మంగాయమ్మ కేరేజీ లేకుండానే పరిగెత్తుకు వచ్చింది. చేతిలో పత్రిక నలిగిపోయి ఉంది.

"ఇచ్చేసేరు! టిక్కెట్టు పెదబాబుకి ఇచ్చేసేరు! పదేళ్ళు మోసినోడివి నువ్వు, ఇన్నాళ్ళూ మంచం మీద బొబ్బున్నోడు ఆడు! ఇదేటి నాయిం? లెగు! లేసి అడుగు! నీకు నోరు నేదా?"

బంగార్రాజు ముఖంలోకి రక్తం పొంగింది. ఊచలు రెండూ పట్టుకుని లేచాడు. పెదవులు కదిలాయి. మంగాయమ్మ ఏడుపు ఆపి అతని నోటి వైపే చూసింది. మందుల బల్ల దగ్గర ఉన్న డాక్టరు కూడా చూశాడు. ఖలందర్ కూడా, లోటా పట్టుకుని.

బంగార్రాజు చెయ్యి చాపి ఖలందర్ చేతిలోని లోటా అందుకుని, గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"పెదబాబు కంటే తగినోడు ఈ తాలూకాలో ఎవులున్నారే?" అన్నాడు. "మంత్రిగారు ఏటి సేసినా ఆలోసించే సేస్తారు."

గణపతిరావు దగ్గరికి వచ్చి, అతని కళ్ళ రెప్పలు ఎత్తి చూశాడు. నాడి చూశాడు. మంగాయమ్మ వైపు మాత్రం చూడలేకపోయాడు.

"తలుపు తియ్యి ఖలందర్," అన్నాడు. "నయమైపోయింది."